సరళి వరసలు (కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలు) మొదలుపెట్టాక నా సొంత బాణీలు ఆగిపోయాయి. కొనసాగించాలా, మానేయాలా?

తాడిపత్రి కీబోర్డ్

అందరికీ నమస్తే. నాది తాడిపత్రి, వయసు 31, బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. పదేళ్ల కిందట మా చిన్నాయన కొడుకు బెంగళూరు పోతూ వాడి పాత కీబోర్డ్ నాకిచ్చి పోయాడు. అప్పట్నుంచి ఎవరి దగ్గరా నేర్చుకోకుండా చెవితో విని వాయిస్తున్నా. సినిమా పాట రెండుసార్లు వింటే పల్లవి పట్టేస్తా. గురువారం బాబా గుడిలో భజనకి నేనే కూర్చుంటా. ఇవి కాక సొంతంగా చిన్న చిన్న బాణీలు కట్టుకునేవాణ్ని, ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకున్నవే నలభై దాకా ఉన్నాయి. ఎవరికీ వినిపించలేదు, మా ఆవిడకి తప్ప.

పోయిన శివరాత్రి జాగారం రోజు ఒక పెద్దాయన పాడటానికి వచ్చాడు. శ్రుతి ఎంత, అంటే స ఏ మెట్టు మీద అని నేను అడిగేలోపే ఎత్తుకున్నాడు. రెండున్నర. నాకు ఒకటి శ్రుతిలో, అంటే సి నుంచి తప్ప చెయ్యి ఆడదు, మిగతావన్నీ ట్రాన్స్‌పోజ్ బటనే. ఒకసారి నొక్కితే అరమెట్టు పెరుగుతుంది, రెండున్నరకి మూడుసార్లు నొక్కాలి. ఆ టెన్షన్‌లో నాలుగుసార్లు నొక్కా, మళ్లీ ఒకటి తగ్గించా, ఈలోపు పల్లవి అయిపోయింది, తబలా ఆయన నా వంక చూసి మూతి బిగబట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఇంకా కళ్ల ముందే ఉంది.

ఆ కసితో అనంతపురంలో ఒక మాస్టారు దగ్గర చేరా. ఆదివారం ఆదివారం బస్సెక్కి పోయి వస్తున్నా. ఎనిమిది నెలలైంది. సరళి వరసలు మూడు కాలాల్లో (వేగాల్లో), జంట వరసలు, ఇప్పుడు దాటు వరసలు. అన్నీ మాయామాళవగౌళ రాగంలోనే. వరసలయ్యాక నేర్పే చిన్న పాట, గీతం అంటారు, అది వచ్చేదాకా సినిమా పాట ముట్టొద్దన్నాడు. ట్రాన్స్‌పోజ్ బటన్ మీద ప్లాస్టర్ అంటించమన్నాడు, అంటించా కూడా.

సమస్య ఏందంటే, రాత్రి తొమ్మిదికి అన్నం తిని కీబోర్డ్ ముందు కూర్చుంటే ఇంతకుముందు ఏదో ఒకటి వచ్చేది. ఇప్పుడు చెయ్యి పెట్టగానే సరిగమ పదనిస, అంతే. మూడు నెలలుగా ఒక్క బాణీ రాలేదు. పాతవి విందామని పెట్టుకుంటే సిగ్గేసింది. నలభైలో ముప్పై ఒకేచోట మొదలై ఒకేచోట ముగుస్తున్నాయి. అప్పుడు ఒక్కొక్కటీ కొత్తగా అనిపించిందే!

నేరుగా అడుగుతున్నా. ఈ సాధన మనిషిలో ఉండే సొంత పస చంపేస్తుందా? మానేసి నా పద్ధతిలో నేను వాయించుకుంటే నష్టమేంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, "ఓపిక పట్టు బ్రదర్" అని మాత్రం రాయొద్దు, అది మాస్టారు వారం వారం చెప్తూనే ఉన్నాడు.

హార్మోనిస్టు కొడుకు, ప్రొద్దుటూరు

అన్నా, మా నాయన పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. మా కడప జిల్లా సురభి ఊర్లోనే 1885లో సురభి నాటకాలు మొదలైనాయి కదా, ఆ గాలి మా పక్క పల్లెల్లో చానా కాలం ఉండింది. తిరునాళ్లకి రాత్రి పదికి మొదలుపెడితే తెల్లారి కోడి కూసేదాకా పద్యాలే. మా నాయనకి మాయామాళవగౌళ అనే పేరు తెలుసో లేదో నాకు అనుమానమే. రాగాలు ఆయన పద్యంతో గుర్తుపెట్టుకునేవాడు, ఫలానా పద్యం రాగం, ఫలానా సీను రాగం అని.

కానీ నీ శివరాత్రి కష్టం ఆయనకి ఏనాడూ రాలేదు. నాటకంలో పాత్రధారి శ్రుతి చెప్పడు. వేషం వేసుకుని, మీసం సర్దుకుంటూ తెర వెనక నుంచే ఎత్తుకుంటాడు. మా నాయన ఏ మెట్టు మీదైనా స పెట్టేవాడు. నేను పక్కన కూర్చుని చూసిన సంగతి ఒకటి చెప్తా. అర్ధరాత్రి దాటాక పాడేవాడికి గొంతు అలిసిపోయి రాగం తీసేటప్పుడు అరమెట్టు కిందికి జారుతుంది. అప్పుడు మా నాయన తిత్తి మీద చెయ్యి తీయడు, మెట్ల మీద వేళ్లు మాత్రం ఎత్తేస్తాడు. ఒక్క ఊపిరి సేపు నిశ్శబ్దం. జనం పాడేవాడు దమ్ము తీసుకున్నాడనుకుంటారు. మళ్లీ వేళ్లు ఆనించేసరికి కొత్త స మీద ఉంటాడు. జారిన సంగతి పాడినోడికీ తెలియదు, విన్నోళ్లకీ తెలియదు. వన్స్‌మోర్ కొట్టేవాళ్లు, అది వేషగాడికే పోయేది, అది వేరే బాధ.

ఇది ఎవరు నేర్పారంటే ఎవరూ నేర్పలేదు. ఆరేళ్లు వాళ్ల గురువు హార్మోనియం పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగాడు. తెల్లవారుజామున మూడింటికి గురువుకి కునుకు పడితే అప్పుడు ఈయన చేతికి వచ్చేది, అదే క్లాసు. కాబట్టి నేను చెప్పేదేందంటే సరళి వరసలు వద్దని కాదు, అది ఒక్కటే దారి అన్న మాట నేను ఒప్పుకోను. నువ్వు గురువారం భజన మానేశావా? మానొద్దు. అక్కడే నీ క్లాసు ఉంది.

బీటెక్ బాబు

ఇప్పుడు యాప్‌లో రెండు లైన్లు రాస్తే బాణీ అదే కట్టిస్తోంది, మీరు ఇంకా దాటు వరసల దగ్గరున్నారా 😀

తాడిపత్రి కీబోర్డ్

అది కట్టిస్తే నేనేం చేయాలప్పా, చప్పట్లు కొట్టాలా. వాయించాలనే కదా నా గోల.

@హార్మోనిస్టు కొడుకు, భజన మానలేదు కానీ ప్లాస్టర్ వేసినప్పట్నుంచి సగం పాటలకి చేతులు ముడుచుకుని కూర్చుంటున్నా.

కడప వీణ

నాది సరిగ్గా మీకు ఎదురు కథ, అందుకే రాస్తున్నా. ఏడేళ్ల వయసులో వీణలో చేర్చారు, సర్టిఫికెట్ పరీక్ష రాశా, డిప్లొమా రాశా. వర్ణాలు, కృతులు, పుస్తకం ముందుంటే ఇప్పటికీ తప్పు పోకుండా వాయిస్తా. పెళ్లయ్యాక వీణ అటక మీదికి పోయింది, పోయినేడాది దింపించి తీగలు మార్పించా.

మా పాపకి నాలుగేళ్లు. ఒకరోజు వాన పడుతోంది, మా కడపలో వాన పడితే అదే పండగ కదా, అది వచ్చి ఒళ్లో కూర్చుని "అమ్మా వాన పాట వాయించు" అంది. ఏ వాన పాట అంటే "ఏదో ఒకటి, ఇట్ల పడేది" అని వేళ్లు ఆడించి చూపించింది. నేను బ్లాంక్. వాన రాగం అని చెప్పుకునే అమృతవర్షిణిలో కీర్తన ఒకటి ఏ పుస్తకంలో ఉందో వెతకడానికి లేచా! పుస్తకం తెచ్చేసరికి వాన ఆగింది, పాప పోయి టీవీ పెట్టుకుంది. నవ్వొచ్చే విషయమే కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పన్నెండేళ్లు నేర్చుకుని, అయిదు స్వరాలు ఏరుకుని చినుకుల్లాగా మీటడం చేతకాలేదు. తీగ మీద చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక కాదు. తప్పు పోతుందేమోనని. ఏది తప్పో చెప్పడానికి ఎదురుగా పుస్తకం లేదు కాబట్టి అంతా తప్పే అనిపించింది.

పన్నెండేళ్లలో ఏ ఒక్క రోజూ "ఈ రాగంలో నీకు తోచింది వాయించు" అని నాకు ఎవరూ చెప్పలేదండీ. మీ నలభై బాణీలు పిచ్చివే కావచ్చు, నా దగ్గర ఒక్కటీ లేదు. మానేయమని నేను చెప్పను, మీ మాస్టారు అడ్డం చెప్పినా సరే రోజుకి పది నిమిషాలు ఆ పిచ్చివి వాయించుకోండి.

ఫిడేలు టీచరమ్మ, కర్నూలు

బాబూ, 22 ఏళ్లు పిల్లలకి ఫిడేలు నేర్పి ఇప్పుడు ఇంట్లో ఉన్నాను. పెద్దదానిగా రెండు మాటలు, కాస్త పొడుగవుతాయి.

ముందు నీకు కోపం వచ్చే మాట. నీ బాణీలు ఆగిపోలేదు, నీ చెవి పెరిగింది. నలభైలో ముప్పై ఒకటేనని ఎనిమిది నెలల కింద నీకు వినపడలేదు, ఇప్పుడు వినపడుతోంది. కొత్తగా ఏదైనా చేతికి వచ్చేలోపే చెవి "ఇది పాతదే" అని కొట్టేస్తోంది. చెయ్యి ఇంకా చెవిని అందుకోలేదు. ఈ మధ్యకాలం చాలా చికాగ్గా ఉంటుంది, సగం మంది ఇక్కడే మానేస్తారు.

మాయామాళవగౌళ ఎందుకు అని నువ్వు అడగలేదు కానీ అడిగి ఉండాల్సింది. పురందరదాసు పెట్టిన వరుస అని చెప్పి ఊరుకుంటారు, కారణం ఎవరూ చూపించరు. నీ సి మీద వాయించి చూడు. స తెలుపు, రి నలుపు, గ తెలుపు, మ తెలుపు. ప తెలుపు, ద నలుపు, ని తెలుపు, పై స తెలుపు. కింద సగం ఎలా ఉందో పై సగం అచ్చం అలాగే ఉంది. ఫిడేలు మీద అయితే షడ్జం (స) తీగ మీద ఎక్కడెక్కడ వేళ్లు పడ్డాయో పంచమం (ప) తీగ మీద కూడా అక్కడే పడతాయి. పిల్లవాడు నాలుగు స్వరాలు నేర్చుకుంటే ఎనిమిది వస్తాయి. నువ్వు ఇంతకుముందు తెల్లమెట్ల మీద వాయించిందంతా శంకరాభరణం స్వరాలే, అందుకే నీ బాణీలన్నీ ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ముల్లా ఉన్నాయి.

ఇప్పుడు మీ మాస్టారు తప్పు. ఆయన్ని అనడం కాదు, నేను కూడా ఇదే తప్పు చేశాను. మన సంగీతంలో రెండు భాగాలు. కల్పితం, అంటే వాగ్గేయకారులు కట్టి ఇచ్చింది. మనోధర్మం, అంటే ఆలాపన, నెరవల్, కల్పన స్వరం, వాయించేవాడు అక్కడికక్కడ కట్టేది. మనోధర్మం లేకపోతే కచేరీయే లేదు. అలాంటిది దాన్ని కృతులన్నీ అయ్యాకే ముట్టుకోవాలని అటక మీద పెడతాం. కడప అమ్మాయి రాసింది చదివి నాకు కడుపులో తిప్పినట్టయింది, అలాంటి పిల్లల్ని నేనూ తయారు చేశాను కనక. జంట వరసలు వాయిస్తూ మధ్యలో సొంతంగా ఏదో దొర్లించే పిల్లాడొకడు ఉండేవాడు, విల్లుతో మోకాలి మీద ఒకటి ఇచ్చేదాన్ని. ఏడాదికి మానేశాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయిస్తూ కనపడ్డాడు. స్టేజీ దిగి వచ్చి దండం పెట్టి, నాకు ఐస్‌క్రీం తెచ్చిచ్చాడు. ఫిడేలు ఊసు వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సరే, నీకు పని చెప్తాను. ప్లాస్టర్ అలాగే ఉండనీ. నల్లమెట్లు మూడు ఒక గుంపు, రెండు ఒక గుంపుగా ఉంటాయి కదా. నల్లవి మాత్రమే ముట్టుకోవాలి. మూడింటి గుంపులో మొదటిదాన్ని స అనుకో, అది నాలుగున్నర శ్రుతి. వరసగా నల్లవే వాయిస్తే మోహన స్వరాలు. అవే మెట్లు, మూడింటిలో రెండోదాన్ని స అనుకుంటే మధ్యమావతి. మూడోది స అయితే హిందోళం. రెండింటి గుంపులో మొదటిది స అయితే శుద్ధసావేరి, రెండోది అయితే శుద్ధధన్యాసి. అయిదే మెట్లు, అయిదు రాగాలు. దీన్ని గ్రహభేదం అంటారు. నువ్వు అనుకున్న స ని ఎడమచేత్తో నొక్కి పట్టుకుని కుడిచేత్తో తిరుగు, లేకపోతే చెవి మోహనలోకే జారిపోతుంది. శుద్ధధన్యాసి స ఉందే, అదే నీ శివరాత్రి పెద్దాయన రెండున్నర.

ఒక్క హెచ్చరిక. స్వరాలు వచ్చినంత మాత్రాన రాగం రాదు. హిందోళంలో గమకం, అంటే స్వరాన్ని ఊపడం, లేని గాంధారం (గ) ఉప్పులేని సంగటి. కీబోర్డ్ మీద మెట్టు నొక్కితే స్వరం అక్కడే నిలబడిపోతుంది, ఊగదు. పిచ్ బెండ్ చక్రం ఉంటే కొంత నయం. ఆ రాగాలు పాడినవి బాగా విను.

రెండోది లెక్క. ఆది తాళం ఎనిమిది క్రియలు, అంటే చేత్తో వేసే ఎనిమిది లెక్కలు, క్రియకి నాలుగు స్వరాల చొప్పున 32. తాళంలో మొదటి భాగం లఘువు, నాలుగు క్రియలు, అంటే 16 స్వరాలు, మోహనలో నీ ఇష్టం వచ్చింది వాయించు. ఎవరూ తప్పు పట్టరు, నేను అసలే పట్టను. తర్వాతి భాగం ద్రుతం, దాని దెబ్బ పడుతుంది, దాని మీద ఒక్క స్వరం. అది 17వది. అక్కడి నుంచి సరిగపద, సరిగపద, సరిగపద. మూడు అయిదులు 15. సరిగ్గా సమం మీద, అంటే తాళం మళ్లీ మొదలయ్యే దెబ్బ మీద, పై స లో దిగాలి. రోజూ పది నిమిషాలు. ఆ 16లో నువ్వు పెట్టేది సొంత బాణీ. ఆ 15 నీ సాధన. సమం తప్పితే నువ్వు పెట్టిన 16 ఎంత బాగున్నా నీకే చప్పగా అనిపిస్తుంది, చూసుకో.

మీ అనంతపురం జిల్లా మనిషి సంగతి చెప్పి ఆపుతాను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, 1893లో పుట్టారు. తాళ్లపాక అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద దొరికినప్పుడు వాటి మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. బాణీ ఏమిటో చెప్పేవాళ్లు లేరు. వాటిలో ఎన్నింటికో శర్మగారు కొత్తగా స్వరం కట్టారు. ఆ రాగం చేతిలో, నోట్లో పూర్తిగా ఉంటే తప్ప అది కుదరదు, ఆ సాహిత్యాన్ని చదివి ఇది ఇలా నడవాలి అని తోచకపోయినా కుదరదు. ఆయన స్వరాలు పుస్తకంగా దొరుకుతాయి, గీతాలు అయ్యాక తెప్పించుకో.

హార్మోనిస్టు కొడుకు, ప్రొద్దుటూరు

అమ్మా, నమస్కారం, లెక్క బాగుంది. కానీ ఒకటి ఒప్పుకోలేను. మా నాయన పద్యానికి తాళమే లేదు. సమం లేదు, 32 లేదు. పాడేవాడి ఊపిరే తాళం. ఈ అన్న గురువారం గురువారం చేసేది భజన, అక్కడ కూడా పాడేవాడు చరణం మధ్యలో ఇష్టమొచ్చినట్టు సాగదీస్తాడు. లెక్క నేర్చినోడు ఎదుటి మనిషిని వినడం మానేసి మనసులో 17, 18 అని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే? అట్లాంటి తబలా వాళ్లని చానామందిని చూశా.

ఫిడేలు టీచరమ్మ, కర్నూలు

నిజమే నాయనా. కచేరీల్లో కూడా అలాంటివాళ్లు ఉన్నారు, పక్కన పాడేది వినకుండా ముగింపు ఎప్పుడు కొడదామా అని చూస్తుంటారు. మీ నాన్నగారి చెవి ఈ లెక్కతో రాదు. దానికి పెట్టె మోయాల్సిందే, లేదంటే నువ్వు చెప్పినట్టు గురువారం గురువారం కూర్చోవాల్సిందే. రెండూ చేయమను.

కడప వీణ

టీచర్ గారూ, వీణ మీద గ్రహభేదం చేయొచ్చా? ఆ 16 స్వరాలు నేనూ మొదలుపెడదామని.

ఫిడేలు టీచరమ్మ, కర్నూలు

చేయొచ్చమ్మా, కానీ పక్కన తాళం కోసం మీటే తీగలు పాత షడ్జమే పలుకుతుంటాయి, చెవికి గందరగోళం. ముందు మోహనలోనే 16 వాయించు. కాదు, అమృతవర్షిణిలో వాయించు, పాపని పక్కన కూర్చోబెట్టుకుని. పుస్తకం అటక మీద పెట్టు.

తాడిపత్రి కీబోర్డ్

రెండు రోజులు ఆగి రాస్తున్నా, ఏమనుకోవద్దు, ఫ్యాక్టరీలో నెలాఖరు లెక్కలు.

టీచర్ గారూ, నల్లమెట్లు పట్టుకున్నా. మూడో మెట్టు స పెట్టుకుని తిరుగుతుంటే, హిందోళం అన్నారే అది, ఒళ్లు జలదరించింది. పదేళ్లుగా ఆ మెట్లు నా చేతికిందే ఉన్నాయి, నేను తెల్లవాటి పక్కన అడ్డం అనుకునేవాణ్ని. రాత్రి పదకొండున్నర దాకా లేవలేదు, మా ఆవిడ వచ్చి ప్లగ్ పీకేసింది.

గురువారం భజనలో ఒకాయన రెండున్నరలో ఎత్తుకున్నాడు. ప్లాస్టర్ ముట్టుకోలేదు. పాట మొత్తం రాలేదు, స, ప పట్టుకుని కూర్చుని, తెలిసిన నాలుగు చోట్ల మాత్రం వేళ్లు పెట్టా. ప్రొద్దుటూరు అన్న చెప్పినట్టు తెలియని చోట ఎత్తేశా. ఎవరూ తిరిగి చూడలేదు. తబలా ఆయన కూడా.

మాస్టారుకి ఈ 16 సంగతి చెప్పా. "ఎవరు చెప్పారు నీకు" అన్నాడు, కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "దాటు వరస మొదట వాయించు, మిగిలిన టైములో చూద్దాం" అన్నాడు. చివర్లో అయిదు నిమిషాలు ఇచ్చాడు.

ఒకటే అర్థం కావట్లేదు. 16 బాగానే పెడుతున్నా, 17 కూడా ద్రుతం దెబ్బ మీదే పడుతోంది, మా ఆవిడ స్టీలు ప్లేటు మీద దెబ్బ వేస్తోంది కాబట్టి అది ఖాయం. చివరికి వచ్చేసరికి మాత్రం సమం కంటే ముందే దిగిపోతున్నా. రికార్డు చేసి లెక్కపెట్టా, ప్రతిసారీ సరిగ్గా మూడు స్వరాలు ముందు. ఒకటి కాదు, రెండు కాదు, మూడే. ఎక్కడ పోతున్నాయి?

ఫిడేలు టీచరమ్మ, కర్నూలు

మూడు పోతున్నాయంటే ముక్కకొకటి మింగుతున్నావు. సరళి వరసలతో చెయ్యి నాలుగుకి అలవాటు పడింది, అయిదోది మింగేస్తోంది. సరిగప, సరిగప, సరిగప అని పోతున్నావు, ద రావట్లేదు. రికార్డు మళ్లీ విను.

రెండు రోజులు మెట్లు ముట్టుకోకు. బస్సులో కూర్చుని తొడ మీద తాళం వేస్తూ తదిగిణతోం, తదిగిణతోం, తదిగిణతోం అను, ఒక్కోదానికి అయిదు అక్షరాలు. తోం దగ్గర తొందర పడొద్దు. పక్క సీటు వాళ్లు చూస్తే చూడనీ.